‘వద్దు’ నొక్కే అధికారం ఎవరిది?

మా ఆఫీసులో ‘అవును’ అనడానికి ఎవరైనా సరిపోతారు. ‘వద్దు’ అనడానికే హోదా కావాలి. ముప్పై రెండేళ్ళ సర్వీసులో ఈ సంగతి నాకు తెలియదని కాదు గానీ, చేతిలో పట్టుకుని ఆడుకునే ఒక గేము డబ్బా వచ్చి చెప్తే తప్ప పూర్తిగా బుర్రకెక్కలేదు.

ముందు మా సంస్థ గురించి చెప్పాలి. పేరు మౌఖిక సంపద పరిరక్షణ సంస్థ. పేరు బారెడు, గదులు నాలుగు. ఒక గదిలో డైరెక్టరు జలంధర్ రావుగారు, ఒక గదిలో సూపరింటెండెంటు శమంతకమణిగారు, ఒక గదిలో నేను, నాలుగో గదిలో విరిగిన కుర్చీలు. నా పేరు కేదారి, సీనియర్ అసిస్టెంటును. ఊళ్ళు తిరిగి పాటలు రికార్డు చేసుకురావడం నా పని. ఇరవై ఏళ్ళలో ఆరువందల పన్నెండు పాటలు తెచ్చాను. అవన్నీ అరచేతిలో పట్టే ఒక హార్డ్ డిస్కులో ఉన్నాయి. పాత క్యాసెట్లు ఏమయ్యాయని మాత్రం అడగకండి. ‘డిజిటలీకరణ పూర్తయినందున అవసరం తీరినవి’ అని రాసి తూకానికి అమ్మేశారు. డిస్కుకు ఒక నకలు తీసిపెడదామని మూడుసార్లు నోట్ పెట్టాను. ‘ఒకే సంపద రెండు చోట్ల ఉన్నచో అసలు ఏదో తేల్చుట కష్టమగును’ అని మూడుసార్లూ తిప్పికొట్టారు. నాలుగోసారి నేనే ఊరుకున్నాను.

అలా ఉండగా పైవాళ్ళకు ఆటల పిచ్చి పట్టింది. ఎవరో విదేశం వెళ్ళొచ్చి, అక్కడ రైళ్ళలో జనమంతా చేతి గేములు ఆడుతున్నారని చెప్పారట. జూన్‌లో ఉత్తర్వు వచ్చింది. ‘యువత పాటలు వినుట లేదు, ఆటలు ఆడుచున్నది. కావున పాటలను ఆటలలో పెట్టవలెను. దీనిని ఆట-పాట మిషన్‌గా వ్యవహరించవలెను. మార్చి 31 నాటికి నూరు శాతం సాధించవలెను.’ ఉత్తర్వుతో పాటే ఒక అట్టపెట్టె కూడా వచ్చింది. అందులో నల్లటి గేము డబ్బా. మధ్యలో తెర, వేలితో కదిపే పుల్లలు అటొకటి, ఇటొకటి, కుడిచేతి పక్క నాలుగు బొత్తాలు. భాషాభిమానం కొద్దీ అందులో అక్షరాలన్నీ తెలుగులోకి మార్పించి మరీ పంపారు.

మా ముగ్గురిలో ఎవరమూ జన్మలో అలాంటిది ఆడలేదు. డబ్బాలో ఉన్న చోటంతా అప్పటికే పళ్ళు కోసే ఆటతో నిండిపోయింది. మన ఆరువందల పన్నెండు పాటలు పట్టాలంటే బయటి డిస్కు తగిలించుకోవాలని పుస్తకంలో ఉంది. బయటి డిస్కు కొనడానికి ఉత్తర్వులో మాట లేదు.

“మన దగ్గర ఉన్నదే తగిలిద్దాం. పాటలు ఎలాగూ అందులోనే ఉన్నాయి కదా, పని సగం అయిపోయినట్టే” అన్నారు జలంధర్ రావుగారు.

విని నేను కూడా తల ఊపాను. నిజం చెప్పాలి కదా!

జూలైలో విరిగిన కుర్చీలను ఒక మూలకు నెట్టి నాలుగో గదిలో ప్రారంభోత్సవం జరిపాం. డబ్బాకు బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, డైరెక్టరుగారు స్వహస్తాలతో డిస్కు తీగను డబ్బాలో గుచ్చారు. మేము చప్పట్లు కొట్టాం. శమంతకమణిగారు ‘కార్యక్రమం దిగ్విజయంగా ప్రారంభమైనది’ అన్న మెసేజీని ఫోటోతో సహా పైకి పంపేశారు. అప్పుడు తెర మీద అక్షరాలు వచ్చాయి.

‘ఈ డిస్కును ఇక్కడ వాడాలంటే ఇందులో ఉన్నదంతా చెరిపివేయాలి. చెరపమంటారా?’ కింద రెండు గడులు. ఒకటి ‘అవును’, ఒకటి ‘వద్దు’.

“సార్, వద్దు! వద్దు నొక్కండి!” అని అరిచాను.

డైరెక్టరుగారి వేలు నిజానికి ‘వద్దు’ వైపే పోయింది. శమంతకమణిగారు ఆ వేలు పట్టుకున్నారు. రూల్సు విషయంలో ఆవిడ మాట మా జిల్లాలో తిరుగులేనిది.

“సార్, ఒక్క నిమిషం. ఇది ప్రభుత్వ కార్యక్రమం. ప్రారంభమైనట్టు ఇప్పుడే రిపోర్టు కూడా పోయింది. ప్రభుత్వం మొదలుపెట్టిన పనిని వద్దనే అధికారం ప్రభుత్వానికే ఉంటుంది. మీకు లేదు.”

“మరి అవును అనవచ్చునా?” అన్నారాయన.

“అవును అనడానికి అటెండరు కూడా చాలు సార్. ఉత్తర్వును అమలు చేయడమే కదా.”

“అయ్యో మేడమ్, తీగ పీకేస్తే సరిపోదా?” అన్నాను నేను.

ఆవిడ డబ్బాతో వచ్చిన పుస్తకం తిరగేసి చూపించారు. ‘ఈ ప్రశ్న తెర మీద ఉండగా తీగ లాగినచో డిస్కు పాడు కావచ్చును.’ పాడు కావచ్చును అంటే పాడు కాకపోనూ వచ్చు. అయితే పాడయితే లాగినవాడి మీద విచారణ. నాకు రిటైర్మెంటు పది నెలల దూరంలో ఉంది. నేను లాగలేదు. ఆ గదిలో ఎవరూ లాగలేదు.

‘వద్దు నొక్కుటకు అనుమతి కోరుచు’ ఫైలు పైకి పోయింది.

ఫైలు పోయాక ఇంకో చిక్కు వచ్చింది. పది నిమిషాలు ఎవరూ ముట్టుకోకపోతే ఆ డబ్బా నిద్రపోతుంది. నిద్రపోతే ప్రశ్న మాయమైపోతుంది. మహా మంచిది, పోనివ్వండి అన్నాను నేను. డైరెక్టరుగారు నా వైపు జాలిగా చూశారు.

“కేదారీ, ప్రశ్న ప్రభుత్వ పరిశీలనలో ఉన్నది. రేపు సమాధానం వచ్చేసరికి ఇక్కడ ప్రశ్నే లేకపోతే ఆ సమాధానాన్ని దేనికి వర్తింపజేయాలి? పరిశీలనలో ఉన్న ప్రశ్నను యథాతథంగా కాపాడుట మన బాధ్యత.”

దాంతో స్పర్శ విధులు మొదలయ్యాయి. తొమ్మిది నిమిషాలకోసారి ఒకరు వెళ్ళి ఎడమ పుల్లను మెత్తగా కదపాలి. బొత్తాల జోలికి పోరాదు. కదిపినప్పుడల్లా తెర మీద వెలిగే గుర్తు ‘అవును’ మీది నుంచి ‘వద్దు’ మీదికి, ‘వద్దు’ మీది నుంచి ‘అవును’ మీదికి జరిగేది. అంటే గంటకు మూడుసార్లు మా పాటలన్నీ చావు దాకా పోయి వచ్చేవన్నమాట. షిఫ్టు మారేటప్పుడు రిజిస్టరులో ‘గుర్తు వద్దు మీద ఉండగా స్వాధీనపరచుకొంటిని’ అని సంతకం పెట్టేవాళ్ళం. ఆ గదిలోకి టీ నిషేధం, తుమ్ములు నిషేధం. కరెంటు పోతే ప్రశ్న పోతుందని జనరేటరు తెప్పించారు. గది తలుపు మీద ‘ప్రశ్న ఉన్నది, నిశ్శబ్దము పాటించండి’ అని బోర్డు పెట్టించారు.

ఇదంతా జరుగుతుండగా ఒక సోమవారం అర్జీల రోజున సారవ్వ వచ్చింది.

సారవ్వ పసుపు పండించే ఊళ్ళ నుంచి వచ్చిన మనిషి. పసుపు కొమ్ములు ఉడకబెట్టే రోజుల్లో ఆడవాళ్ళు కాగుల చుట్టూ కూర్చుంటే ఆమె నీలవ్వ కథ పాడేది. మూడు గంటల పాట. అది వచ్చినవాళ్ళు ఆమె తప్ప ఇంకెవరూ మిగల్లేదు. పదకొండేళ్ళ కింద ఆ పాటను రికార్డు చేసుకొచ్చింది నేనే. ఇప్పుడామె మెడ మీద ఇంత పొడుగు కుట్ల మచ్చ. గొంతుకు ఆపరేషన్ అయ్యింది. మాట గుసగుసగా తప్ప రావడం లేదు. పక్కన కోడలు శ్యామల ఉంది.

“గుర్తువట్టినవా సారూ?” అంది గుసగుసగా. “నా గొంతు మీ కాడ ఉన్నది గదా. గది ఇయ్యుండ్రి. మాటలన్నీ నాకు యాదికున్నయి, నోట్లె రాగమే ఎల్తలేదు. మా కోడలు నేర్చుకుంట అంటాంది.”

“ఫోన్ల ఎక్కియ్యుండ్రి చాలు సార్” అంది శ్యామల. “మాఘంల పసుపు ఉడకబెడుతరు. అప్పటికి అందుకుంట.”

డిస్కు ప్రశ్నలో ఉందని చెప్పాను. ఇద్దరూ అర్థం కానట్టు చూశారు. సరేనని గది దాకా తీసుకెళ్ళి తలుపు అద్దంలోంచి చూపించాను. సారవ్వ చాలాసేపు చూసింది.

“గండ్ల నా పాట ఉన్నదా?”

“ఉంది.”

“గది చెరపమంటవా అని అడుగుతాందా?”

“అవును.”

“మరి వద్దను” అంది సారవ్వ.

ప్రారంభోత్సవం నాడు నేనొకసారి అరిచి ఊరుకున్నాను తప్ప, మా ఆఫీసులో ఆ మాట ఇంత తేలికగా మళ్ళీ ఎవరూ అనలేదు. ఆమెతో ఏం చెప్పను? వద్దనడానికి రాజధాని నుంచి కాగితం రావాలన్నాను. ఆమె నా ముఖంలోకి చూసి, నేను వేళాకోళమాడుతున్నానేమో అనుకుని చిన్నగా నవ్వింది. తరువాత నవ్వలేదు.

ఆ తరువాత ప్రతి సోమవారం వచ్చింది. అర్జీ ఇచ్చేది, రసీదు తీసుకునేది, అద్దంలోంచి ఒకసారి చూసుకునేది, బస్సెక్కేది.

సెప్టెంబరులో పైనుంచి మొదటి కొర్రీ వచ్చింది. ‘ప్రశ్న అడిగినది ఎవరు? వారి హోదా ఏమి?’ అడిగింది డబ్బా అని రాశాం. ‘సదరు డబ్బా డైరెక్టరుకు లోబడినదైనచో, పై అధికారిని ప్రశ్నించుట క్రమశిక్షణారాహిత్యము కాదా?’ అని రెండో కొర్రీ. నిజమే కదా అన్నారు శమంతకమణిగారు. డబ్బాకు మెమో జారీ అయ్యింది. ‘మీపై చర్య ఎందుకు తీసుకొనరాదో ఏడు రోజులలో సంజాయిషీ ఇవ్వవలెను.’ కాగితాన్ని డబ్బా వెనక అంటించి, అందినట్టు ఇద్దరు సాక్షుల సంతకాలు తీసుకున్నారు. ఏడు రోజులైంది. డబ్బా కిక్కురుమనలేదు. రెండో మెమో ఇచ్చాం. దానికీ జవాబు లేదు. ‘అహంకారపూరిత మౌనం పాటించుచున్నది’ అని నివేదించాం.

నవంబరులో నిపుణుల కమిటీ దిగింది. ముగ్గురు సభ్యులు, మూడు కార్లు. గదిలో పావుగంట కూర్చుని, మా క్యారియర్లలోది తిని, వారంలో నివేదిక పంపారు. దాన్ని నేను నాలుగుసార్లు చదివాను. ‘నిండిన డిస్కులో కొత్తగా ఒక్క పాట కూడా పట్టదు. ఖాళీ డిస్కులో వేలాది పాటలు పట్టును. కావున చెరిపివేత వలన సంస్థ సామర్థ్యము గణనీయముగా పెరుగును.’

“ఉన్నవి పోతాయి కదా సార్?” అన్నాను డైరెక్టరుగారితో.

“కేదారీ, నువ్వు ఉన్నవాటి గురించే ఆలోచిస్తున్నావు. కమిటీ పట్టబోయేవాటి గురించి ఆలోచించింది. అదే నీకూ కమిటీకీ తేడా.”

“సారవ్వ పాట సార్. ఆ ఒక్కటన్నా ముందు పక్కకు తీద్దాం.”

“తీయాలంటే డిస్కు విప్పాలి. విప్పాలంటే ప్రశ్న తేలాలి. తేలాలంటే ఉత్తర్వు రావాలి. నేనేమన్నా కాదన్నానా?”

నిజమే, ఆయన కాదనలేదు. కాదనే అధికారం ఆయనకు లేదు.

మాఘం వచ్చింది. ఆ ఊళ్ళలో పసుపు ఉడకబెట్టారు, ఆరబోశారు, సంతకు పంపారు. మధ్యలో ఒక్క సోమవారం కూడా సారవ్వ మానలేదు. చేతులు పచ్చగా ఉండేవి. “ఈయేడు కాగుల కాడ ఎవ్వలు పాడలే సారూ. సెల్లుల సినిమా పాటలు వెట్టుకున్నరు” అంది ఒకసారి. నేను రసీదు మీద ముద్ర గట్టిగా కొట్టాను. నా మీద నాకే ఒళ్ళు మండింది. మండితే ఏం లాభం? తొమ్మిది నిమిషాలు కాగానే వెళ్ళి పుల్ల కదిపొచ్చాను.

మార్చి ఇరవై తొమ్మిదిన డైరెక్టరుగారికి హఠాత్తుగా నడుం పట్టేసింది. సెలవు చీటీ పంపారు. బాధ్యతలు శమంతకమణిగారికి వచ్చాయి. ఆవిడ రూల్సు పుస్తకం ముందేసుకుని ముప్పై ఒకటో తారీఖు ఉదయం నన్ను పిలిచారు.

“వద్దు నొక్కడానికి అనుమతి అడిగాం. తొమ్మిది నెలలైనా రాలేదు. మిషన్ గడువు ఈ సాయంత్రంతో అయిపోతుంది. నూరు శాతం చూపించకపోతే సంస్థనే మూసేస్తారు. వద్దుకు అనుమతి కావాలి, అవునుకు అక్కర్లేదు. కాబట్టి ఇక అవునే.”

“మరి మీరు నొక్కండి మేడమ్.”

“నాది ఇన్‌ఛార్జి మాత్రమే. డిస్కు నీ పేరున స్టాకు రిజిస్టరులో ఉంది.” అంటూ కాగితం నా చేతిలో పెట్టారు. ‘సీనియర్ అసిస్టెంటు శ్రీ కేదారి ఈ దినము మధ్యాహ్నము మూడు గంటలలోపు ‘అవును’ నొక్కి, నొక్కినట్లు నివేదిక సమర్పించవలెను.’

మూడుకు పది నిమిషాలు ఉండగా గదిలోకి వెళ్ళాను. గుర్తు ‘వద్దు’ మీద ఉంది. అక్కడే బొత్తాం నొక్కేస్తే అయిపోయేది. వేలు పొరపాటున తగిలిందని రాస్తే అయిపోయేది. ఒక విచారణ, ఒక ఇంక్రిమెంటు కోత, మహా అయితే రిటైర్మెంటు కాగితాలు ఓ ఏడాది ఆగేవి. ఇవన్నీ నిలబడి వరుసగా ఆలోచించాను. తరువాత పుల్ల కదిపి, గుర్తును ‘అవును’ మీదికి తెచ్చి, నొక్కాను. ఈ బొటనవేలితోనే నొక్కాను.

ఆరువందల పన్నెండు పాటలకు ఆరు సెకన్లు కూడా పట్టలేదు. ‘డిస్కు ఆటకు సిద్ధం’ అని తెర మీద పడింది.

ఏప్రిల్ మొదటి సోమవారానికి డైరెక్టరుగారి నడుం బాగయ్యింది. అందరికంటే ముందు నూరు శాతం సాధించినందుకు పైనుంచి అభినందన పత్రం వచ్చింది. ‘సంస్థ సామర్థ్యము: నూటికి నూరు పాళ్ళు ఖాళీ’ అని అందులో మెచ్చుకున్నారు. ఆ కాగితానికి చట్రం కట్టిస్తుండగా సారవ్వ, శ్యామల వచ్చారు.

నేనే చెప్పాను. ఇంకెవరో చెప్పడం కంటే అదే నయమనిపించింది. చెరిగిపోయిందని, చెరిపింది నేనేనని కూడా చెప్పాను. శ్యామల నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. సారవ్వ తిట్టలేదు. తిడుతుందేమోనని నిలబడ్డాను. వరండా బల్ల మీద కూర్చుని, నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసింది.

“సారూ, పోతే పాయె గని, ఒక్కటి చెప్పు. నువ్వు చెవులకు గవి వెట్టుకొని మూడు గంటలు నా ముంగట కూసున్నవు. నీలవ్వ వాగు దాటే కాడ రాగం మీదికి పోతదా, కిందికి దిగుతదా? గొంతు పోయినంక నాకే తిరకాసు అయితాంది. నువ్వు ఇన్నవు గదా, జెర చెప్పు.”

విన్నాను. మూడు గంటలూ విన్నాను. ఆ మూడు గంటలూ నా కళ్ళు రికార్డరు మీద వణికే ముల్లు మీదే ఉన్నాయి, అది ఎర్రగీత దాటకుండా చూసుకుంటూ కూర్చున్నాను. నీలవ్వ వాగు దాటిందో లేదో కూడా నాకు తెలియదు.

“గుర్తు లేదవ్వా” అన్నాను.

ఆమె కోడలి వైపు తిరిగింది. చెవి దగ్గరికి వంగి ఒక చరణం గుసగుసగా చెప్పింది. చెప్తూనే అరచెయ్యిని గాలిలో మీదికి లేపింది, ఆపింది, మెల్లగా దించింది. శ్యామల ఆ చెయ్యిని చూస్తూ రాగం తీసింది. సారవ్వ కాదని తల అడ్డంగా ఆడించింది. మళ్ళీ చెయ్యి లేపింది, ఈసారి ఇంకాస్త మీదికి. శ్యామల మళ్ళీ తీసింది. నాలుగుసార్లు తప్పు పోయింది. ఐదోసారి ఎక్కడో కుదిరింది. సారవ్వ కళ్ళు మూసుకుని, కోడలి తొడ మీద దరువు వేసింది. శ్యామల గొంతు వరండా అంతా వినిపించింది. అటెండరు ఫైళ్ళు దించి నిలబడిపోయాడు. శమంతకమణిగారు కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకున్నారు.

డైరెక్టరుగారు గదిలోంచి ఊడిపడ్డారు. ముఖం వెలిగిపోతోంది.

“అద్భుతం! కేదారీ, ఏం చూస్తున్నావు? పరికరాలు పట్రా! ఆ డిస్కు పట్రా! ఇప్పుడు మన దగ్గర చోటే చోటు. ఇది మన ఖాళీ డిస్కులో మొదటి పాట కావలెను. అమ్మా, మొదటి నుంచి మళ్ళీ పాడండి, ప్రభుత్వం భద్రపరుస్తుంది.”

సారవ్వ కళ్ళు తెరిచింది. పసుపు ఇంకా వదలని అరచెయ్యి తీసి, పాడుతున్న కోడలి నోటికి అడ్డం పెట్టింది. వరండాలో చప్పుడు ఆగిపోయింది.

“వీల్ల ముంగట వద్దు బిడ్డా” అంది గుసగుసగా. “ఇంటికి వొయినంక పాడు.”

ఇద్దరూ లేచి మెట్లు దిగారు. డైరెక్టరుగారు నన్ను పిలిచి నోట్ రాసుకోమన్నారు. ‘గాయని సహకరించనందున పాటను భద్రపరచుట సాధ్యపడలేదు’ అని చెప్పారు. కలం చేతిలో పట్టుకుని కిటికీలోంచి చూశాను. గేటు దాటి రోడ్డు మీద కొంత దూరం పోయాక, బస్‌స్టాపు దగ్గర, సారవ్వ చెయ్యి మళ్ళీ గాలిలోకి లేచింది. అక్కడి నుంచి మాకు ఏమీ వినపడలేదు.